కాంట

మా వార్డు శ్రీమంతుల వార్డట.
నేననలేదు, కాగితం అన్నది.
అటు ఖదాను ఆఫీసర్ల బంగ్లాలు, నడుమ క్లబ్బు,
క్లబ్బు ప్రహరీకి వీపు ఆనించుకొని
నలబై మూడు రేకుల కొంపలు.
అన్నీ కలిపి కూడి, భాగించి
చంద్రపూర్ సాహెబు తేల్చిండు:
ఇక్కడ బీదోళ్లు లేరు.
కనుక అంగన్‌వాడీ లేదు.
ఉన్నది పట్టాలు దాటినంక,
అండ్ల నేను.

సరాసరి అంటే ఏందని అడిగిండు తుషార్,
మరాఠీ బడిల మూడో తరగతి.
బంగ్లా పిల్ల రెండు గిలాసల పాలు తాగి
నీ చెల్లె ఏం తాగకుంటే
ఇద్దరూ తలా ఒక గిలాస తాగినట్టు రాసుకునుడు బిడ్డా.
పక్కన కూసున్న కోమల్
పై పెదవి తడిమి చూసుకున్నది.

మన భాషల సరాసరి అంటే నేరుగ అని కూడా.
నేరుగ మా గల్లీకి వచ్చింది బొగ్గు దుమ్మొక్కటే.

వాళ్లమ్మ సునంద పొద్దుగాల ఆరింటికి
పల్లీలేసి పోహా చేస్తది
ఇంకొకరి పిల్లగాని డబ్బాలకు.
తన పిల్లలకు అన్నం పెట్టేసరికి రెండైతది.
రేషన్ కార్డు ఆసిఫాబాదు దిక్కు అత్తగారి ఊర్ల ఉన్నది,
ఆ బియ్యం అత్త తింటది, తిననీ.
దాఖలా కోసం పోతే తలాఠీ చిరునామా చదివి నవ్విండట:
'ఆఫీసర్స్ కాలనీ వెనక.'
వెనక అన్న మాట ఆయన కండ్లకు ఆనలేదు.

మలుపుల కాంట ఉన్నది.
ప్రతి లారీని రెండుసార్లు తూస్తరు,
ఖాళీగ ఒకసారి, బొగ్గుతోని ఒకసారి.
లెక్క తప్పితే గేటు లేవది,
ఫోన్లు మోగుతయి, జీపు ఉరికొస్తది.
కోమల్ పోయిన నెల పదకొండు కిలోల ఏడు వందలు,
ఈ నెల పదకొండు కిలోల నాలుగు వందలు.
మూడు వందల గ్రాములు ఏ తొవ్వల కారిపోయినయో,
ఎవ్వరి ఫోనూ మోగలే.

గని పైసలతోని చౌరస్తాల
సిమెంటు పులిని నిలబెట్టిండ్రు, నోట్లె లైటు.
నిరుడు రంగు పోయిందని
మళ్ల వేసిండ్రు.

మీటింగుల లేచి నిలబడ్డ.
సగం మరాఠీ, సగం తెలుగు, కాళ్లల్ల వణుకు.
వార్డును కాదు, పిల్లలను లెక్కపెట్టుండ్రి అన్న.
మూడేండ్ల బిడ్డకు దాఖలా ఏంది,
రెట్టకు ఈ పట్టీ చుట్టుండ్రి,
ఎరుపొస్తే ఎరుపే, ఏ కాలనీ అయితేంది.
కార్డు ఏ ఊర్ల ఉన్నా గుడ్డు ఇక్కడ పెట్టుండ్రి.
తల్లి పనికి పోయే ఆరింటికి తలుపు తెరవాలె,
ఆ రెండు గంటలకు నాకు జీతం ఇయ్యాలె,
అది కూడా రాసుకోండ్రి.
అది రాసుకోలే.

ఏడాదికి క్లబ్బు వాళ్లు పాత బిలియర్డ్స్ గది ఇచ్చిండ్రు.
ఆకుపచ్చ బట్ట చింపిన బల్ల మీద
ముప్పై ఎనిమిది పళ్లాలు, వారానికి మూడు గుడ్లు.
కోమల్ పన్నెండు దాటింది.
ప్రయోగమట, మార్చి దాకనే ఉత్తర్వు.
తుషార్ గడప అవతలనే నిలబడి
ఉడికిన గుడ్డు వాసన చూస్తడు.
ఆరేండ్లు దాటినోళ్ల పేర్లకు నా రిజిస్టర్ల గీతలు లేవు.
పెచ్చు తీసుడు మాత్రం వానిదే పని,
వేళ్లకు అంటింది వాని కూలి.

హోళీ నాడు లారీలు రాలే.
కాంట కాడి పాండే మామ చూసీ చూడనట్టున్నడు,
పిల్లలందరూ ఇనుప పలక మీదికి ఎక్కిండ్రు.
ఎర్ర అంకెలు తడబడి నిలిచినయి:
నాలుగు వందల ఎనబై.
ఒక్క టైరంత లేరుగద అన్నడు మామ,
ఎంతమందిరా, భాగిస్త అని వేళ్లు మడుస్తుంటే
భాగించకు అన్న. ఒక్కొక్కరిని ఎక్కనియ్యి.

కోమల్ ఒక్కతే నడుమల నిలబడ్డది,
చెంపకు గులాబీ రంగు, చేతులు చాపి.
సున్నా.
ఇరవై కిలోల లోపలిది దానికి కనబడదట.

నేను సంచిలకెల్లి పట్టీ తీసిన.